ఒకే డబ్బాలో మూడు రిక్సియాలు: చెరువు అంచు నమూనాకు పేర్లు తేల్చిన తీరు

రిక్సియా తడి నేల మీద పరుచుకుని పెరిగే, పూలు లేని చిన్న మొక్క, నాచుల బంధువులైన లివర్‌వర్ట్‌లలో ఒకటి. దాన్ని ప్రజాతి (జీనస్) దాకా గుర్తుపట్టడానికి పది రెట్ల చేతి లెన్సు చాలు. జాతి (స్పీషీస్) దాకా పోవాలంటే అడ్డుకోత, పొలుసులు, ఆడ మగ భాగాల అమరిక, పండిన సిద్ధబీజం (స్పోర్), ఈ నాలుగూ చూడాలి. నాలుగోది చేతికి అందకపోతే చాలాసార్లు జాతి పేరు రాయకుండా వదిలేయడమే సరైన పని. కాలేజీ హెర్బేరియంలలో, అంటే ఎండు మొక్కల భాండాగారాల్లో, తప్పు పేర్లతో కనిపించే రిక్సియా పొట్లాల్లో ఎక్కువ భాగం పైచూపుతో, గుత్తి ఆకారాన్నో రంగునో వెడల్పునో చూసి పేరు పెట్టినవే. ఈ మూడూ తడిని బట్టి, ఎండను బట్టి మారిపోతాయి.

ఈ కేసులో నమూనా తెలంగాణలోని ఒక చెరువుది. చలికాలం మొదట్లో నీరు వెనక్కి తగ్గి బయటపడ్డ ఒండ్రు అంచు నుంచి, దానికి ఆనుకున్న గట్టు వాలు, నీటి గుంట నుంచి మట్టి పెళ్లలతో సహా తీసి, ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టారు. చీటీ మీద ఉన్నది "రిక్సియా, తడి నేల" అన్న రెండు ముక్కలే. పెళ్లలను విడదీసి లెన్సు కింద పెట్టగానే మూడు రకాలు తేలాయి.

1వ రకం ఒండ్రు మీది గుండ్రటి గుత్తులు. అడ్డంగా ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు, బూడిద ఛాయ ఉన్న లేత ఆకుపచ్చ. సన్నటి తమ్మెలు, అంటే మొక్క చీలికలు, ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నాయి, ఉపరితలం మెత్తగా స్పాంజిలా ఉంది. కొన్ని గుత్తులు చిన్నవిగా, గులాబీ ఊదా రంగు తిరిగి ఉన్నాయి. 2వ రకం గట్టు వాలుది. తమ్మెలు రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు, మందంగా, నడుమ స్పష్టమైన గాడితో, అంచుల్లో ముదురు ఊదా గీతతో ఉన్నాయి. 3వ రకం నీటి గుంటలో తేలుతూ, పక్కనే బురదకు అంటుకుని ఉన్న సన్నటి రిబ్బన్లు. వెడల్పు మిల్లీమీటరు లోపే, ప్రతి చీలికా పంగలకర్రలా రెండుగా విడిపోతుంది.

ముందుగా: ఇది రిక్సియాయేనా?

ఇక్కడ తొందరపడితే తర్వాతి పనంతా వృథా. వాన తర్వాత మన పొలం గట్ల మీద ఆకుపచ్చగా పరుచుకునేవాటిలో కొమ్ముమొక్కలు, అంటే ఆంథోసెరాస్, నోటోథైలాస్ లాంటివి, రిక్సియాతో కలిసే పెరుగుతాయి. కాయలు రాకముందు వాటి గుత్తి అచ్చం రిక్సియాలాగే ఉంటుంది. తేడా తేల్చడానికి థాలస్, అంటే వేరు కాండం ఆకు అన్న తేడా లేని చదునైన శరీరం, ముక్కను నీటి చుక్కలో పెట్టి 400 రెట్ల దగ్గర చూడాలి. చాలా కొమ్ముమొక్కల్లో కణానికి ఒకే ఒక పెద్ద హరితరేణువు ఉంటుంది. రిక్సియాలో కణానికి చిన్నవి చాలా ఉంటాయి. కొమ్ముమొక్క అడుగున పొలుసులు ఉండవు, లోపల బతికే నాస్టాక్ అనే సూక్ష్మజీవి గూళ్లు నీలి ఆకుపచ్చ చుక్కల్లా కనిపిస్తాయి. ఫెర్న్ మొక్క తొలి దశ అయిన ప్రోథాలస్ అయితే హృదయాకారంలో, చాలాచోట్ల ఒకే కణం మందంలో ఉంటుంది. దానికీ పొలుసులు ఉండవు.

మిగిలిన లివర్‌వర్ట్‌లతో గందరగోళం తక్కువ. ప్లేజియోకాస్మా, ఆస్టరెల్లా, టార్జియోనియాల పైభాగంలో గాలి రంధ్రాలు లెన్సుకే చుక్కల్లా కనిపిస్తాయి. సయాథోడియం చాలా పలచన, నీడలో పసుపు ఆకుపచ్చగా మెరుస్తుంది. మార్కాంషియాకు పిలక మొగ్గలు పట్టే గెమ్మా గిన్నెలు ఉంటాయి, రిక్సియాకు ఉండవు.

రిక్సియాకు గట్టి గుర్తులు ఇవి. థాలస్ రెండేసిగా చీలుతూ పోతుంది, ప్రతి తమ్మె కొనలో చిన్న నొక్కు ఉంటుంది, పెరుగుదల అక్కడే. అడుగున మూలతంతువులు రెండు రకాలు: కొన్నింటి లోపలి గోడ నున్నగా, కొన్నింటి గోడ నుంచి లోపలికి మేకుల్లా పొడుచుకొచ్చి. పొలుసులు ఒక కణం మందంలో, కొన దగ్గర ఒకే వరుసగా పుట్టి, థాలస్ వెడల్పయ్యేకొద్దీ మధ్యకు చీలి రెండు అంచులకూ జరుగుతాయి. లైంగిక భాగాలకు కాడలూ గొడుగులూ ఏవీ ఉండవు. అన్నీ పై గాడిలోనే, థాలస్ కండలో మునిగి ఉంటాయి.

అసలు సందేహం తీర్చేది సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలను తయారుచేసే భాగం. రిక్సియాలో దానికి పాదం లేదు, కాడ లేదు, బీజాలను చెదరగొట్టే ఎలేటర్లు లేవు. ఉన్నది గుండ్రటి గుళిక ఒక్కటే. ఆ గుళిక గోడ కూడా సిద్ధబీజాలు పండేలోపే కరిగిపోతుంది. దాని చుట్టూ ఉన్న రెండు పొరల రక్షక సంచి, కాలిప్ట్రాలో, లోపలి పొరా పోతుంది. చివరికి మిగిలేది బయటి పొర సంచి, అందులో నల్లటి సిద్ధబీజాలు. గుళిక తనంతట తాను పగలదు. థాలస్ కుళ్లి మట్టిలో కలిసినప్పుడే బీజాలు బయటపడతాయి. అందుకే పాత, ఎండుతున్న భాగాన్ని ఏరి పారేయకూడదు. మనకు కావలసింది అక్కడే ఉంటుంది.

మూడు రకాల్లోనూ పొలుసులు, రెండు రకాల మూలతంతువులు దొరికాయి. 3వ రకంలో తేలుతున్న ముక్కలకు మూలతంతువులు లేవు, బురదకు అంటుకున్నవాటికి ఉన్నాయి. ఇది ఈ ప్రజాతిలో నీటి రూపాలకు సహజమే.

సేకరణలో లోపాలు, సరిచేసుకున్న తీరు

నమూనాకు జరిగిన మొదటి నష్టం మూడు ఆవాసాలను ఒకే డబ్బాలో కలపడం. ఒండ్రు అంచు, గట్టు వాలు, నీటి గుంట మూడింటికీ విడి పొట్లాలు ఉండాలి. ఒక్కో పొట్లం మీద పెన్సిలుతో తేదీ, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, నేల రకం, ఎండా నీడా, పక్కన పెరుగుతున్న మొక్కలు రాయాలి. బాల్‌పెన్ సిరా తడికి పాకుతుంది. రిక్సియా గుత్తులు ఒకదాని మీదికి ఒకటి పాకుతాయి కాబట్టి ఒక పెళ్లలో రెండు జాతులు ఉండటం మామూలు సంగతి. ఏ గుత్తికి ఆ గుత్తిని వేరు చేశాకే మిగతా పని.

తీసేటప్పుడు పలుచటి చాకుతో థాలస్ కింద సెంటీమీటరు మట్టితో సహా ఎత్తాలి. వేళ్లతో లాగితే పొలుసులు మట్టిలోనే ఉండిపోతాయి. బతికున్నవాటిని తడిపిన టిష్యూ కాగితం పరిచిన డబ్బాలో, మూత కొంచెం వదులుగా పెట్టి, రెండు మూడు రోజుల్లో చూసేయాలి. ఎండబెట్టి దాచేవాటిని మట్టి పెళ్లతోనే నీడలో ఆరనివ్వాలి. పూల మొక్కల్లా ప్రెస్సులో బిగిస్తే గాడి లోతు, అంచు వాలు పోతాయి, ఆ రెండూ జాతి లక్షణాలే.

శుభ్రం చేయడంలో కుళాయి కింద కడగడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పాత గుళికలు పగిలి బీజాలు కాలువలో పోతాయి, పక్క జాతి బీజాలు వచ్చి గాడిలో చేరతాయి. పెట్రీ డిష్‌లో నీళ్లు పోసి, తలకిందులుగా పెట్టి, సన్నటి పెయింటింగ్ బ్రష్‌తో కొన నుంచి వెనక్కి తుడవాలి. ఎండిన నమూనా అయితే గోరువెచ్చటి నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పావుగంట నుంచి అరగంట నానబెడితే చాలావరకు పాత ఆకారానికి వస్తుంది. కాస్టిక్ పొటాష్ ద్రావణంతో ఇంకా త్వరగా తేరుకుంటుంది గానీ ఊదా రంగులు మారిపోతాయి. పొలుసుల రంగు రాసుకోకముందు అది వాడకూడదు.

అడ్డుకోత: ఇక్కడే ఎక్కువ మంది తప్పుతారు

తమ్మె కొన నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిగి కోయాలి. మరీ కొనలో కోస్తే కణజాలం ఇంకా విడివడి ఉండదు. మరీ వెనక కోస్తే పై కణాలు కూలిపోయి గాడి అసలు కంటే వెడల్పుగా కనిపిస్తుంది. క్యారట్ ముక్కకు చీలిక పెట్టి, థాలస్‌ను అందులో నిలువుగా ఇరికించి, కొత్త బ్లేడుతో కోతలు తీయాలి. థర్మోకోల్ కూడా పనికొస్తుంది గానీ దాని పొట్టు కోతల్లోకి చేరుతుంది. తీసిన కోతలను వాచ్ గ్లాసులో 70 శాతం ఆల్కహాల్‌లో నిమిషం ఉంచి నీళ్లలోకి మార్చాలి. అలా చేయకపోతే గాలి గదుల్లో చిక్కుకున్న బుడగలు నల్లగా అడ్డుపడతాయి. రంగు వేయకుండా ఒకసారి, ఒక శాతం సాఫ్రనిన్ ఎరుపు రంగులో రెండు నిమిషాలు ఉంచి మరోసారి చూడాలి.

కోతలో రెండు మండలాలు ఉంటాయి. పైది హరిత మండలం, కిందిది రంగులేని నిల్వ కణజాలం. అయోడిన్ చుక్క వేస్తే కింది మండలం పిండి పదార్థంతో నల్ల నీలంగా మారుతుంది. పై మండలం అమరికే ఉపప్రజాతిని చెబుతుంది. నిలువు కణాల దొంతరలు పక్కపక్కన నిలబడి, వాటి మధ్య సన్నటి గాలి కాలువలు పైకి తెరుచుకుని ఉంటే అది రిక్సియా ఉపప్రజాతి. ఒక్కో కాలువ చుట్టూ మామూలుగా నాలుగు, కొన్నిసార్లు ఎనిమిది దాకా దొంతరలు ఉంటాయి. ప్రతి దొంతర పైన రంగులేని కణం టోపీలా కూర్చుంటుంది. అలా కాకుండా ఒక కణం మందం గోడలతో విడిపోయిన వెడల్పాటి గదులుంటే అది రిక్సియెల్లా.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. బ్లేడు ఏటవాలుగా పోతే సన్నటి కాలువ కూడా సాగి వెడల్పాటి గదిలా కనిపిస్తుంది, రిక్సియా ఉపప్రజాతి మొక్క రిక్సియెల్లాలోకి పోతుంది. దీనికి విరుగుడు సులభం. అదే తమ్మె పైపొరను అడ్డంగా పలుచగా చెక్కి పైనుంచి చూడాలి. కాలువలైతే దొంతరల మధ్య చిన్న నలుచదరపు సందులు కనిపిస్తాయి. గదులైతే పెద్ద బహుభుజాలు కనిపిస్తాయి. రెండు చూపులూ ఒకటే చెప్పినప్పుడే రాసుకోవాలి.

1వ రకం, 3వ రకం కోతల్లో గదులు తేలాయి. 2వ రకం మొదటి కోతల్లో గదుల్లా అనిపించినా పైచూపులో నలుచదరపు సందులు స్పష్టంగా ఉన్నాయి. నిటారుగా కోసిన కొత్త కోతల్లో కాలువలే వచ్చాయి. అది రిక్సియా ఉపప్రజాతి.

పొలుసులు, ఆడ మగ

పొలుసులను థాలస్ తలకిందులుగా ఉండగానే సూదితో కొన వైపు నుంచి లేపి విడి స్లైడు మీద పరచాలి. చూడవలసినవి రంగు, అంచు దాటి బయటికి వచ్చాయా లేదా, రాలిపోయేవా నిలిచేవా. 2వ రకంలో పొలుసులు ముదురు ఊదా రంగులో అంచు దాకా వచ్చి నిలిచి ఉన్నాయి. పైనుంచి కనిపించిన ఊదా గీత అదే. 1వ రకంలో చిన్నవి, రంగులేనివి, కొన దగ్గర తప్ప దొరకలేదు. అంచుల్లో వెంట్రుకలు ఉంటే వాటి పొడవు కూడా రాయాలి, కొన్ని జాతులకు అదే పెద్ద గుర్తు. ఈ మూడింటిలోనూ వెంట్రుకలు లేవు.

ఆడ మగ తేల్చడంలో ఓపిక కావాలి. మగ భాగాలైన ఆంథరీడియాలు ఉన్నచోట గాడిలో రంగులేని చిన్న మొనలు పైకి పొడుచుకుని ఉంటాయి. ఆడ భాగాలైన ఆర్కిగోనియాల మెడలు తరచూ ఊదాగా ఉంటాయి. కొన వైపున్నవి లేతవి, వెనకవి ముదురువి. రెండూ ఒకే థాలస్ మీద ఉండే జాతుల్లో కూడా మగవి ముందు వచ్చి ఆడవి తర్వాత రావచ్చు. ఒక వయసు తమ్మెలనే చూస్తే "ఇది మగ మొక్క" అని పొరబడతాం. కనీసం పది తమ్మెల నిలువుకోతలు చూడాలి. ఒకే గుత్తిలో రెండూ కనిపించాయని ద్విలింగం అని కూడా రాయకూడదు, ఆడ గుత్తి మీదికి మగ గుత్తి పాకి ఉండొచ్చు. ఒకే తమ్మెను మొదలు దాకా వెతుక్కుంటూ పోయి, అతుకు లేకుండా రెండూ దాని మీదే ఉన్నాయని చూడాలి.

1వ రకంలో గులాబీ ఊదా గుత్తులన్నీ మగవి, ఆకుపచ్చ గుత్తులన్నీ ఆడవి. 2వ రకంలో ఒకే తమ్మె నిలువుకోతలో ఆంథరీడియా గూళ్లు, ఆర్కిగోనియాలు రెండూ దొరికాయి. 3వ రకంలో ఏవీ లేవు.

సిద్ధబీజాలు

గుళికలు పాత భాగంలో నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. సూదితో ఒకదాన్ని పైకి తీసి లాక్టిక్ ఆమ్లం చుక్కలో పగలగొట్టి, కవర్ స్లిప్ వేసి, స్పిరిట్ దీపం మీద బుడగలు రాకుండా వెచ్చజేయాలి. బీజం గోడ మందం, చీకటి రంగు. వెచ్చజేస్తేనే వెలుతురు లోపలికి పోతుంది. మాధ్యమం మారితే కొలత కొంచెం మారుతుంది కాబట్టి అన్ని నమూనాలకూ ఒకే మాధ్యమం వాడాలి.

కొలతకు ముందు కంటికటకపు స్కేలును స్టేజి మైక్రోమీటరుతో సరిచూడాలి. ఈ పనిలో వాడిన మైక్రోస్కోపులో 40 రెట్ల వస్తుకటకం దగ్గర కంటికటకంలోని 100 గీతలు స్టేజి మైక్రోమీటరు మీద 25 గీతలతో సరిపోయాయి. స్టేజి గీత 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే 250 మైక్రాన్లకు 100 గీతలు, ఒక్కో గీత 2.5 మైక్రాన్లు. కంటికటకం మార్చినా, వేరే మైక్రోస్కోపుకు వెళ్లినా ఈ లెక్క మళ్లీ చేయాలి. ఇది చేయకుండా రాసిన సిద్ధబీజ కొలతలు ఎవరికీ పనికిరావు.

కనీసం 20 బీజాలు, వేర్వేరు గుళికల నుంచి, పండినవి మాత్రమే కొలవాలి. పండని బీజం పసుపు గోధుమ రంగులో, పలచటి గోడతో ఉంటుంది, గీతలు ఇంకా పూర్తిగా లేచి ఉండవు. రిక్సియా బీజాలు నాలుగేసి కలిసి పుడతాయి కాబట్టి ఒక్కో బీజానికి ఒక గుండ్రటి వెలుపలి ముఖం, మూడు లోపలి ముఖాలు ఉంటాయి. లోపలి ముఖాల మధ్య మూడు కాళ్ల గీత ఉంటుంది. చూడవలసింది ప్రధానంగా వెలుపలి ముఖం. దాని మీద గళ్లు పూర్తిగా మూసుకున్నాయా, అడ్డంగా ఒక వ్యాసం మీద ఎన్ని గళ్లున్నాయి, గళ్ల బదులు పురుగుల్లా మెలికలు తిరిగిన గట్లు ఉన్నాయా, అంచున రెక్క ఉందా, ఉంటే ఎంత వెడల్పు. ఒక్క లోతులో ఫోకస్ చేసి వదిలేస్తే గట్టు కొన, గట్టు అడుగు కలిసిపోయి గళ్లు లేనిచోట గళ్లు కనిపిస్తాయి. నాబ్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ తిప్పుతూ బొమ్మ గీసుకోవాలి. ఫోటో కంటే చేత్తో గీసిన బొమ్మే ఇక్కడ నిజం చెబుతుంది, ఎందుకంటే గీసేవాడు ప్రతి గట్టునూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అనుసరించక తప్పదు. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే మేలే, లేకపోయినా పని ఆగదు.

సిద్ధబీజం మీద ఇంత భారం వేయడం ఊరికే కాదు. రిక్సియా క్రిస్టలైనా, రిక్సియా కావర్నోసా రెండూ చాలాకాలం ఒకే పేరు కింద నడిచాయి. థాలస్‌లు అంత దగ్గర. వాటిని నమ్మకంగా వేరు చేసేది బీజం వెలుపలి ముఖం మీది గట్ల తీరు. మనదేశంలో వృక్షశాస్త్రవేత్తలు పాండే, ఉదార్ గార్లు 1950ల్లో ఈ ప్రజాతిని మళ్లీ పరిశీలించినప్పుడూ, దక్షిణాఫ్రికాలో పెరోల్డ్, ఫ్రాన్స్‌లో జోవె-ఆస్త్ రిక్సియాలను సవరించినప్పుడూ బీజాల గోడకు పెద్దపీట వేశారు.

1వ రకం ఆడ గుత్తుల్లో పండిన బీజాలు దండిగా దొరికాయి. కొలతలు 45 నుంచి 55 మైక్రాన్ల మధ్య పడ్డాయి. రిక్సియాల్లో 60 నుంచి 120 మైక్రాన్ల బీజాలు మామూలు కాబట్టి ఇవి బాగా చిన్నవి. వెలుపలి ముఖం మీద సన్నటి మెలికల గట్లు, రెక్క దాదాపు లేదు. 2వ రకంలో గుళికలు ఉన్నాయి గానీ బీజాలన్నీ పసుపు రంగులోనే ఉన్నాయి.

2వ రకాన్ని పండించడం

పండని బీజాలతో ఆగిపోకుండా ఆ పెళ్లలను సాగు చేయాలని నిర్ణయించారు. అదే చెరువు ఒండ్రును జల్లించి, ప్రెషర్ కుక్కర్‌లో అరగంట ఆవిరి పట్టి, చల్లారాక 9 సెంటీమీటర్ల పెట్రీ డిష్‌లో సెంటీమీటరు మందం పరిచారు. పైన గుత్తులను మట్టితో సహా ఒత్తి పెట్టి, వాన నీరు చుక్కలుగా అందించారు. ఉత్తరం వైపు కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలకుండా ఉంచారు. బోరు నీళ్లు వాడితే మట్టి మీద తెల్లటి ఉప్పు పొర కట్టి కొనలు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎరువు వేయనక్కర్లేదు, వేస్తే నీలి ఆకుపచ్చ శైవలాలు పొరలా కమ్మేస్తాయి.

మూత గట్టిగా మూస్తే బూజు వస్తుంది, పూర్తిగా తీస్తే ఒక్క మధ్యాహ్నంలో కొనలు ముడుచుకుంటాయి. మూత కింద అగ్గిపుల్ల పెట్టి సందు ఉంచడం సరిపోయింది. గుళికలు గోధుమ రంగు నుంచి నల్లబడుతున్నాయని కనిపించగానే నీళ్లు తగ్గించి, డిష్‌ను నెమ్మదిగా ఆరనివ్వాలి. చెరువు అంచులో జరిగేదీ అదే, ఎండిపోతున్న నేల మీదే రిక్సియా బీజాలు పండుతాయి. చివరి దాకా తడిగా ఉంచితే థాలస్ కొనలు పెరుగుతూనే పోతాయి, వెనక భాగం మాత్రం బీజాలు పండకముందే కుళ్లుతుంది.

ఆ తర్వాత దొరికిన బీజాలు ముదురు గోధుమ రంగువి, 90 నుంచి 110 మైక్రాన్లవి. వెలుపలి ముఖం మీద పూర్తిగా మూసుకున్న గళ్లు, వ్యాసం మీద ఏడెనిమిది, చుట్టూ పలచటి రెక్క.

ప్రజాతి ఎక్కడ కూర్చుంటుంది

మార్కాంషియాప్సిడా తరగతి, మార్కాంషియేలిస్ క్రమం, రిక్సియేసీ కుటుంబం. ఆ కుటుంబంలో రిక్సియాకు తోడుగా ఉన్నది ఒకే జాతి ఉన్న రిక్సియోకార్పస్. రిక్సియోకార్పస్ నాటాన్స్ నీటి మీద తేలుతుంది. అడుగున పళ్లున్న, పొడవాటి ఊదా పొలుసులు వేలాడుతుంటాయి కాబట్టి 3వ రకంతో పొరబడే అవకాశమే లేదు. దాన్ని లిన్నేయస్ రిక్సియాలోనే పెట్టాడు. కోర్డా 1829లో వేరు చేశాడు. రిక్సియా అనే పేరును మికెలీ 1729లోనే వాడినా, నామకరణ నియమాల లెక్కలో అది లిన్నేయస్ 1753 నుంచి చెల్లుతుంది.

రిక్సియెల్లాను బ్రౌన్ 1821లో విడి ప్రజాతిగా పెట్టాడు. తర్వాత అది రిక్సియాలో ఉపప్రజాతిగా మారింది. వీటితో పాటు లెప్టోరిక్సియా లాంటి చిన్న ఉపప్రజాతులూ ఉన్నాయి. థాలోకార్పస్ కథ కూడా ఇలాంటిదే. బీజాలు నాలుగేసి చివరి దాకా అతుక్కునే ఉండే రిక్సియా కర్టిసీని ఒకప్పుడు ఆ పేరుతో వేరు ప్రజాతిగా చూశారు. గాలి గదుల వెడల్పు క్షేత్రంలో చాలా ఉపయోగపడే లక్షణమే గానీ, నీటికి దగ్గరగా బతికే మొక్కల్లో అది విడివిడిగా ఏర్పడగలిగేది. దాని ఒక్కదాని మీదే చుట్టరికం కట్టడం సాహసం.

పాఠ్యపుస్తకాల్లో ఇంకా తరచూ కనిపించే ఒక మాటను ఇక్కడ సరిచేయాలి. రిక్సియా సిద్ధబీజదం అంత సాదాగా ఉంది కాబట్టి అది లివర్‌వర్ట్‌లలో అతి ప్రాచీనం అని బోధిస్తారు. గుళిక తప్ప ఏమీ లేకపోవడం మొదటి మెట్టు కాదు, ఉన్నవి పోగొట్టుకోవడం వల్ల వచ్చిన స్థితి. భారతీయ లివర్‌వర్ట్‌లను పరిశోధించిన శివ్ రామ్ కాశ్యప్ తన కాలంలోనే ఈ క్షీణత వాదాన్ని బలంగా చెప్పారు. జన్యు పోలికలు కూడా రిక్సియాను మార్కాంషియేలిస్ లోపలి కొమ్మల్లోనే చూపుతున్నాయి. త్వరగా ఎండే నేల మీద, కొద్ది వారాల తడిలో జీవితం ముగించాల్సిన మొక్కకు కాడ పెంచి గుళికను పైకెత్తడం అనవసర ఖర్చు. బీజాలు పెద్దవి, బరువైనవి, మందం గోడవి, ఎక్కడ పడితే అక్కడే మరుసటి వానకు మొలిచేవి. ఎలేటర్లకు అక్కడ పనే లేదు. బీజం గోడ అంత విలువైన లక్షణం కావడం కూడా దీని వల్లే. మిగతా శరీరం తగ్గిపోయిన చోట తేడాలన్నీ గోడ మీదికి వచ్చి చేరాయి.

పేర్లు

1వ రకం: గదులున్న మెత్తటి థాలస్, ఆడ మగ గుత్తులు వేరు, మగవి చిన్నవిగా ఊదా రంగువి, బీజాలు 45 నుంచి 55 మైక్రాన్లు, మెలికల గట్లు, రెక్క లేదు, ఆరుతున్న ఒండ్రు మీద ఆవాసం. ఇవన్నీ రిక్సియా ఫ్రాస్టీకి కుదురుతాయి. క్రిస్టలైనా, కావర్నోసాలు రెండింటిలోనూ ఆడ మగ ఒకే థాలస్ మీద ఉంటాయి, బీజాలూ పెద్దవి. ఈ పేరు అనుమానం లేకుండా రాయొచ్చు.

2వ రకం: మొదట చూసినప్పుడు చాలామంది రిక్సియా డిస్కలర్ అనే అంటారు, ఊదా పొలుసులు అలా అనిపిస్తాయి. డిస్కలర్‌లో ఆడ మగ మొక్కలు వేరు. ఇక్కడ రెండూ ఒకే తమ్మె మీద ఉన్నాయి కాబట్టి ఆ పేరు పోయింది. పెద్ద బీజాలు, మూసుకున్న గళ్లు, రెక్క, కాలువల అమరిక రిక్సియా బిల్లార్డియరీ వైపు చూపుతున్నాయి. అయితే రిక్సియా గంజెటికా కూడా ఆడ మగ ఒకే థాలస్ మీద ఉండే జాతే. సరిచూసిన నమూనా పక్కన పెట్టి బీజాలు పోల్చకుండా రెండింటి మధ్య గీత గీయకూడదు. అందుకే "రిక్సియా సి.ఎఫ్. బిల్లార్డియరీ" అని, అంటే దానితో పోల్చదగినది అని రాసి, అదనపు పొట్లం పోలిక కోసం పక్కన పెట్టారు. బ్రయోఫైట్ (నాచులు, లివర్‌వర్ట్‌ల వర్గం) నమూనాలు పెద్దఎత్తున ఉన్న లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ (ఎన్.బి.ఆర్.ఐ.) హెర్బేరియం లాంటి చోటే ఈ పోలిక జరగాలి. మొక్కను పంపేటప్పుడు బీజాల స్లైడు, కోత బొమ్మ, కొలతల పట్టిక కూడా జత చేయాలి. ఎండిన పెళ్ల ఒక్కటే పంపితే అవతలివాళ్లు మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

3వ రకం: అక్వేరియం దుకాణాల్లో అమ్మే సన్నటి రిక్సియాలాగే ఉంటుంది, కాబట్టి రిక్సియా ఫ్లూయిటాన్స్ అని రాసేయాలనిపిస్తుంది. కానీ రిబ్బన్ ఆకారం ఒక్క జాతి సొత్తు కాదు. ఫ్లూయిటాన్స్‌లో క్రోమోజోములు 8, దానికి దగ్గరి రిక్సియా రీనానాలో 16. బయటి నుంచి చూస్తే రెండూ చాలా దగ్గరగా ఉంటాయి. తేల్చాలంటే పెరుగుతున్న కొనలను ఉదయం వేళ మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లంలో స్థిరీకరించి, అసిటోకార్మిన్ రంగు వేసి నొక్కి, విభజనలో ఉన్న కణాలు వెతకాలి. లేదా తేలే ముక్కలను తడి ఒండ్రు మీదికి మార్చి మూలతంతువులు, లైంగిక భాగాలు వచ్చేదాకా పెంచాలి. ఈ గుంపు నేల మీద కాయ కాస్తే గుళిక పైకి కాకుండా అడుగు వైపు ఉబుకుతుంది, అది వెతకడం మరిచిపోకూడదు. ఆ పని అయ్యేదాకా చీటీ మీద "రిక్సియా, రిక్సియెల్లా ఉపప్రజాతి, ఫ్లూయిటాన్స్ సమూహం, వంధ్యం" (లైంగిక భాగాలు లేనిది) అని ఉంటుంది.

మూడు పొట్లాల మీదా ఒకే సేకరణ సంఖ్య ఉంచి, వెనక 1, 2, 3 అని ఉపసంఖ్యలు వేశారు. చూసినవారి పేరు, చూసిన తేదీ, బీజాల మాధ్యమం, కొలిచిన బీజాల సంఖ్య చీటీ అడుగున రాశారు. పండిన బీజాలున్న ముక్కలను చిన్న లోపలి కవరులో విడిగా పెట్టి, బయటి పొట్లం మీద "బీజాలు ఉన్నాయి" అని గుర్తు వేశారు. 3వ పొట్లం మీద ఆ గుర్తు లేదు.